ఖైసర్ బేగం తడిగుడ్డ

రంగు తేడాగా ఉన్న జంతువు కనబడితే చాలు, దాన్ని తడిగుడ్డతో తుడిచి చూడందే ఖైసర్ బేగానికి తిన్న అన్నం అరగదు.

తెల్ల ఉడత గానీ, ఎర్రకళ్ల కుందేలు గానీ, సగం మొహం నలుపు సగం తెలుపు ఉన్న మేక గానీ, ఆమె దుకాణం ముందు నుంచి తుడిపించుకోకుండా దాటిపోయిన దాఖలా లేదు. తుడుస్తుంది, గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది, కళ్లు చికిలించి తీర్పు చెబుతుంది. రంగు అంటితే "కచ్చా!" అంటకపోతే "పక్కా!" ఆ రెండో మాటను కూడా తిట్టినట్టే అంటుంది. ఆ జంతువు నిజాయితీగా పుట్టి ఆమె సమయం వృథా చేసిందన్నమాట.

ఇది పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు, వృత్తితో వచ్చింది. ఆమె బట్టలకు రంగులద్దే మనిషి. పాతబస్తీలో బార్కస్ వెళ్లే దారిలో, భర్త పోయాక కూడా ఆ దుకాణాన్ని ఒంటిచేత్తో నడుపుతోంది. పొయ్యిల మీద సిల్వర్ గిన్నెల్లో రంగునీళ్లు కుతకుత ఉడుకుతుంటాయి. జాకెట్ ముక్క తెచ్చి ఇస్తే దానికి సరిపోయే చున్నీ రంగు వేసి ఇస్తుంది. ఇచ్చేముందు తెల్ల మల్లుగుడ్డ తడిపి చున్నీ అంచు మీద రుద్ది చూపిస్తుంది. గుడ్డకు రంగు అంటకపోతేనే పొట్లం కడుతుంది. చున్నీకి పెట్టే పరీక్ష జీవాలకూ పెడితే తప్పేముందని ఆమె వాదన.

"దేవుని పని మీద నాకు శక్ లేదు, అనుమానం లేదు," అంటుంది. "మనుషుల మీదనే శక్."

నా పేరు రాహేలు. బస్తీలో అందరిలాగే నేనూ ఆమెను ఖాలా అంటాను, అంటే పిన్ని. ఆమె దుకాణానికి ఎదురుగా ఉన్న పశువుల దవాఖానలో పద్దెనిమిదేళ్లుగా అటెండర్‌ని. ఊళ్లోని వింత రంగుల జంతువులన్నీ వచ్చేది మా గేటుకే కాబట్టి, ఆమె పిచ్చికి మేత వేసింది ఒక రకంగా మేమే. రోజూ పొద్దున్నే నాలుగు గుడ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టేది. "తిను. మొహంల రంగు లేదు," అనేది. ఒకరోజు నేను నెత్తికి కొత్తగా నల్లరంగు వేసుకుని వస్తే, ఆవును పట్టుకొచ్చిన పదిమంది ముందు తడిగుడ్డతో నా పాపిడి మీద ఒక్క రుద్దు రుద్దింది. "కచ్చా!" అని రోడ్డు అవతలికి వినబడేలా అరిచింది. ఆ ఆవుకు కూడా నామీద జాలి కలిగిందని నా అనుమానం.

ఒకసారి కోడలు హిబాను తీసుకుని జూకు వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను, నా ఖర్మ. జనమంతా తెల్లపులితో ఫోటోలు దిగుతుంటే ఈమె అక్కడున్న కాపలా మనిషిని పిలిచింది.

"భాయ్, దీన్ని ఎప్పుడన్న తుడిచిన్రా?"

"నీళ్లు కొడతమమ్మా, ఎండాకాలంల."

"నీళ్లు గాదు. తెల్లగుడ్డ తడిపి రుద్ది చూసిన్రా?"

"పులినా?"

"మరి నిన్నా?"

ఆయనకు తిక్కరేగింది. "గంత శక్ ఉంటె నువ్వే లోపలికి పోయి రుద్దమ్మా."

"తాళం తియ్."

హిబా సిగ్గుతో చున్నీ మొహం నిండా కప్పుకుంది. నేను ఖాలాను రెక్క పట్టి ఈడ్చుకొచ్చాను కాబట్టి ఆరోజు పులి బతికిపోయింది.

ఇక రంగు కోడిపిల్లలవాడి సంగతి. సైకిల్ మీద గంప పెట్టుకుని, గంప నిండా గులాబీ, ఆకుపచ్చ, ఊదారంగు కోడిపిల్లల్ని వేసుకుని వచ్చాడు. పసివాళ్లు మూగారు. వాళ్ల తల్లులు అంతకన్నా ఎక్కువ మూగారు. ఖైసర్ బేగం జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్లి, ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని తుడిచింది. గుడ్డ గులాబీ అయింది.

"కచ్చా! ఏ కోడి పెట్టిందిర గీ గుడ్డు? బట్టల షాపుల పొదిగిందా?"

"పిల్లలు ముచ్చటపడుతరని, ఖాలా..."

"ముచ్చట పిల్లలకు, మంట కోడికి! నా చున్నీకి గిట్ల రంగేస్తె గిరాకీలు నా మొహం మీద కొడుతరు. నీ మొహం మీద ఎవడు కొట్టాలె?"

వాడి చేతిలో డబ్బులు కుక్కి, గంప గుంజుకుని, వాణ్ని సందు చివరిదాకా తరిమింది. గంప ఎత్తుకుని ఇంటి మెట్లెక్కింది. ఆ వారం వాళ్లింట్లో రోజూ కోడికూరేనని నేను తేల్చేసుకున్నాను. బొటనవేలంత కోడిపిల్లతో కూరేమిటని నాకు తట్టనే లేదు. ఎదుటివాళ్ల గురించి చెడ్డగా అనుకునేటప్పుడు బుర్రకు అంత శ్రమ ఇవ్వం కదా.

పోయిన వినాయక చవితి ముందు ధూల్‌పేట్ వైపు నుంచి ఒక బంగారు కుక్క వచ్చింది. విగ్రహాలకు మెషీన్‌తో రంగు కొట్టేచోట ఆదమరచి పడుకున్నట్టుంది, ఒకవైపంతా ధగధగ మెరిసిపోతోంది. బంగారు రంగు కుక్క కనబడితే మన జనం అదెందుకు అట్లా ఉందని ఆలోచించరు, ముందు ఫోన్ తీస్తారు. ఎవరో దాని మెడలో బంతిపూల దండ కూడా వేశారు. ఖాలా వచ్చింది, తుడిచింది, "కచ్చా!" అంది. జనం నిరాశగా చెదిరిపోయారు.

ఆమె మాత్రం పోలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని, కొబ్బరినూనెతో ఆ కుక్క ఒంటి మీది రంగు వెంట్రుక వెంట్రుకా వదిలించింది. అంతసేపూ దాన్ని తిడుతూనే ఉంది. "బేవకూఫ్! పండుకోనీకి నీకు వేరే జాగ దొరకలేదా? నాకుతవా? నాకు, నాకి సావు!" అంటూ, అది నాకకుండా దాని మూతి తన మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. కొబ్బరినూనె డబ్బా ఖాళీ అయింది. ఆ డబ్బా నాది.

రెండేళ్ల కింద మా దవాఖానకు డాక్టర్ స్రవ్య బదిలీ మీద వచ్చింది. చిన్న వయసు, బోలెడు చదువు, అందరికీ ఓపిగ్గా చెప్పాలన్న ఆశ. ఖాలాకు ఆమె దొరికింది.

ఒకరోజు ఎవరో ఒక పిల్లిని తెచ్చారు. ఒళ్లంతా మీగడ రంగు. మూతి, చెవులు, కాళ్లు, తోక మాత్రం బొగ్గులా ఉన్నాయి. ఖాలా మూడుసార్లు రుద్దింది. గుడ్డకు ఏమీ అంటలేదు.

"పక్కా," అంది, ఎవరో పోయారన్న కబురు చెప్పినట్టు. "ఎట్ల పక్కా అయితది? పొయ్యిల దూరినట్టు ఉంటె?"

"ఈ జాతి పిల్లికి ఒంట్లో చల్లగా ఉండేచోటే నల్లరంగు తయారవుతుంది ఆంటీ," అంది డాక్టర్. "చెవులు, తోక, కాళ్లు చల్లగా ఉంటాయి. మధ్యలో ఒళ్లు వెచ్చగా ఉంటుంది, అక్కడ రంగు పుట్టదు."

"అంటె మా గిన్నెకు ఉల్టా. మా దగ్గర గరం ఉంటెనే రంగు పడతది, దీనికి ఠండి ఉంటె పడతది. గీ ఒక్క మాటకు ఐదేండ్లు చదివినవా?"

అప్పటినుంచి అదొక ఆట అయింది. నల్లకుక్కకు పొట్ట, కాళ్లు తెల్లగా ఎందుకున్నాయో డాక్టర్ చెప్పేది. తల్లి కడుపులో ఉండగా రంగు కణాలు వెన్ను దగ్గర బయలుదేరి కిందికి పాకుతాయని, కొన్నింటికి అవి చివరిదాకా చేరవని. "రంగు తక్కువ కలిపిన్రు, కొంగు దాక రాలే. గంతే కద," అనేది ఖాలా. తెల్ల కుందేలుకు ఎర్రకళ్లెందుకంటే, ఒంట్లో రంగు తయారుచేసే శక్తే లేదని, కళ్లలో కనబడేది రక్తమేనని డాక్టర్ చెప్పేది. "గిన్నెల ఉత్త నీళ్లే ఉన్నయి." మరి తెల్ల ఉడతకు నల్లకళ్లెందుకని నేను అడిగితే, డాక్టర్ నోరు తెరిచేలోపే ఖాలా జవాబిచ్చింది. "కండ్లు వేరే గిన్నెల ముంచిన్రు!" డాక్టర్ కాసేపు ఆలోచించి, అది దాదాపు నిజమేనని ఒప్పుకుంది. అప్పటినుంచి జంతువుల్ని తెచ్చినవాళ్లు మందు దవాఖానలో తీసుకుని, కారణం రంగుల దుకాణంలో అడిగి తెలుసుకునేవాళ్లు.

ఇక అసలు సంగతి, యూనుస్ గుర్రం. దవాఖాన గోడ వెనకాల రేకుల షెడ్డులో ఉంటుంది. పేరు చమేలీ. పెళ్లి బరాత్‌లకు తిప్పే తెల్లగుర్రం. యూనుస్‌కు, ఇంట్లో నలుగురికి అదే తిండి పెడుతుంది. విచిత్రమేమిటంటే, అతను దాన్ని పిల్లగా తెచ్చినప్పుడు అది బొగ్గు నలుపు. నల్లగుర్రానికి మల్లెపువ్వు పేరేంటని నవ్వితే, "ఆగి చూడు రాహేలక్కా," అనేవాడు. ఏటేటా అది తెల్లబడుతూ వచ్చింది. బూడిదరంగయింది, వెండిరంగయింది, చివరకు పాలరంగయింది.

యూనుస్ దొంగచాటుగా బ్లీచింగ్ పౌడర్ పూస్తున్నాడని ఖాలా పదమూడేళ్లపాటు నమ్మింది. వారం వారం వెళ్లి తుడిచేది. ఏమీ దొరికేది కాదు. ఆ గుర్రానికి ఎంత అలవాటైందంటే, ఆమెను చూడగానే మెడ వంచి నిలబడేది, తుడవడం అయ్యాక ఆమె భుజం మీద గడ్డం ఆనించేది. "లే! నా మీద ఎక్కి పండుకో ఇంగ!" అని తిట్టేది ఆమె, కదలకుండా నిలబడి.

అది కొన్ని గుర్రాలకు పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుందని, మనకు జుట్టు నెరిసినట్టే వాటికి ఒళ్లంతా నెరుస్తుందని, కింద చర్మం మాత్రం నల్లగానే ఉంటుందని డాక్టర్ స్రవ్య చెప్పాక గానీ ఆ కేసు మూతపడలేదు.

"వారెవ్వా!" అంది ఖాలా. "నాకు నెత్తి తెల్లబడితె ముసల్ది అంటరు. దీనికి తెల్లబడితె రేటు పెంచుతరు!"

అయితే నెరుపుకూ ఒక ముసలితనం ఉంటుంది. పోయిన చలికాలం నుంచి చమేలీ మెడ మీద, భుజాల మీద, నడుం మీద కందిగింజలంత గోధుమరంగు చుక్కలు మొదలయ్యాయి. ఇటువంటి గుర్రాల్లో కొన్నింటికి వయసు పైబడ్డాక రంగు ఇలా చుక్కలుగా తిరిగొస్తుందని, రోగం కాదని డాక్టర్ చెప్పింది. కానీ పెళ్లివారికి ఎవరు చెప్పాలి? మచ్చల గుర్రం అపశకునమన్నారు కొందరు. అంటురోగమన్నారు ఇంకొందరు. తెల్లగుర్రం కావాలి మనకు, అది ముసలిది కాకూడదు కూడా. ఫోటోలో తెల్లగా పడితే చాలు, అది ఏం తిన్నదో ఎవడికీ అక్కర్లేదు.

ఎండాకాలం లగ్గాలకు యూనుస్ చేతిలో ఆరు పెళ్లిళ్లు ఉన్నాయి. అన్నీ జల్‌పల్లి కొత్త కాలనీలవే. మొదటిది విశాల్ అనే పిల్లగాడిది. ఆ పిల్లగాడి మేనమామ బాలకిషన్ కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ప్రతిదానికీ సంతకం పెట్టిన కాగితం కావాలంటాడు. గుర్రానికి ఏ రోగమూ లేదని డాక్టర్ రాసివ్వాలని పట్టుబట్టి, తనే స్వయంగా దవాఖానకు వచ్చాడు. పిల్లగాడికి అటువంటి కాగితం పెళ్లికూతురువాళ్లు అడిగారో లేదో నాకు తెలియదు.

యూనుస్ చమేలీని తీసుకొచ్చాడు. ఒక్క చుక్క లేదు! మొహానికి వేసుకునే పౌడరు రెండు డబ్బాలు పట్టించాడని వాసనే చెబుతోంది. డాక్టర్ నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. పేదవాడి పొట్టకు రెండు డబ్బాల పౌడరు పెద్ద నేరమేమీ కాదనుకున్నాం. బాలకిషన్ మురిసిపోయి ఫోటోలు తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు అవతల ఖాలా గిన్నెలో గరిటె వదిలేసి లేచి నిలబడింది. నలభై ఏళ్లు రంగులు చూసిన కళ్లు. తెలుపు ఒక పాలు ఎక్కువైనా వాటికి తెలిసిపోతుంది.

నేను గేటుకు అడ్డంగా పరుగెత్తాను. "ఖాలా, చాయ్ తాగుదాం రా."

"జరుగు."

"సమోసా కూడా తింటవా?"

"జరుగు రాహేలూ, దీన్ల ఏదో ఉంది."

చమేలీ ఆమెను చూసి అలవాటు ప్రకారం మెడ వంచింది. ఖాలా తుడిచింది, గుడ్డను వెలుతురుకు ఎత్తింది. గుడ్డ తెల్లది, పౌడరు తెల్లది. ఏమీ కనబడలేదు. జీవితంలో మొదటిసారి గుడ్డను వదిలి జంతువు వైపు చూసింది. మెడ మీద తుడిచినంత మేరా గోధుమరంగు చుక్కలు బయటపడి ఉన్నాయి.

"కచ్చా!"

యూనుస్ మొహం చూసేలోపే ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

"ఏందివయ్యా గిది?" అని బాలకిషన్ ఎగిరాడు. "రోగం గుర్రానికి పౌడర్ కొట్టి మాకు అంటగడుతున్నవా?"

"రోగం కాదు సర్, వయసు వల్ల..." అంది డాక్టర్.

"నువ్వింక సంతకం పెట్టలే కదమ్మా? పెట్టకు!"

ఆయన వెళుతూ వెళుతూ వీడియో తీసుకున్నాడు. సాయంత్రానికి అది కాలనీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మరుసటిరోజు మధ్యాహ్నానికి ఆరు పెళ్లిళ్లూ పోయాయి.

యూనుస్ దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. "నువ్వు తప్పు చెప్పలే ఖాలా. కచ్చానే. ఇటుక బట్టీ ఆయన అడుగుతున్నడు. ఆదివారం ట్రాలీ తెస్తడట." ఇటుకలు లాగే బండికి కట్టిన ముసలి గుర్రం ఎన్నాళ్లు బతుకుతుందో మా దవాఖానలో అందరికీ తెలుసు.

ఖాలా గిన్నెలోంచి తల ఎత్తలేదు. "పౌడర్ పూసెటోనికి గుర్రమెందుకు? పో."

నాకు ఒళ్లు మండిపోయింది. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్లుంటారని వినడమే గానీ, కళ్లారా చూడటం అదే మొదటిసారి.

"నీకు మనసున్నదా ఖాలా? నీ గుడ్డ తగలబడ! ఒక్క మాట నోట్లనే పెట్టుకుంటె ఏం పోయేది?"

"నేను అబద్ధాన్ని తుడిచిన. గుర్రాన్ని కాదు."

"ఆదివారం అబద్ధాన్ని ఎక్కించుకపోరు. గుర్రాన్నే ఎక్కించుకపోతరు."

ఆమె పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. మరుసటిరోజు నా బల్ల మీద గుడ్లు లేవు. ఉన్నా తినేదాన్ని కాదు.

శుక్రవారం పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి దవాఖాన కాంపౌండులోని గోరింటచెట్టు ఒక్క ఆకు లేకుండా బోడిగా నిలబడి ఉంది. మేకలు మేసి ఉంటాయని వాటిని తిట్టాను. ఖాలా దుకాణం మూసి ఉంది. కోపం తగ్గలేదు గనుక, ఇంకో నాలుగు మాటలు అనేసి వద్దామని వాళ్ల మెట్లెక్కాను. మిద్దె మీద ఇరవై దాకా తెల్లకోళ్లు, పుంజులూ పెట్టలూ, గింజలేరుకుంటున్నాయి. హిబా బట్టలు ఆరేస్తోంది.

"ఇన్ని కోళ్లెక్కడివి హిబా?"

"గా గులాబీ కోడిపిల్లలే కదక్కా! ఈకలు రాలి కొత్తయి వచ్చినంక గిట్ల తెల్లగైనయి. కొన్ని బతకలే. బతికినయి గివి. నీకు రోజూ గుడ్లు గీటివే కద?"

తిన్న గుడ్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"అత్త యాడికి పోయింది?"

"తెల్వదక్కా. పొద్దుగాల ఫజర్ నమాజ్ అయినంక రోలు ఎత్తుకపోయింది."

షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఖైసర్ బేగం పీట వేసుకుని చమేలీ పక్కన కూర్చుని ఉంది. ముందు రోట్లో గోరింటాకు ముద్ద. చేతిలో ఈనెపుల్ల. గుర్రం మెడ మీది ప్రతి గోధుమరంగు చుక్క చుట్టూ ఒక్కో పువ్వు గీస్తోంది. చుక్క నడుమ ఉంటుంది, చుట్టూ ఐదు రేకలు. దుపట్టా మీద వేసే బూటీల్లాగే, ఒక వరుస, దాని కింద ఎడంగా ఇంకో వరుస. కాళ్లకు మోకాళ్ల దాకా, తోకకు కొస దాకా అప్పటికే పట్టించేసింది. కళ్లెం పట్టుకుని నిలబడ్డ యూనుస్ నోరు మూసుకోవడం మర్చిపోయినట్టున్నాడు.

"కదలకు, బేషరం! పువ్వు వంకరైతె నీకే నామోషి," అని ఆమె గుర్రాన్ని తిడుతోంది.

"ఖాలా!" అన్నాను. "నువ్వు? జంతువుకు రంగు పూస్తున్నవా?"

ఆమె ఉలిక్కిపడింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చూసి, వెంటనే మొహం గంటు పెట్టుకుంది. భుజం మీది తడిగుడ్డ తీసి నా మీదికి విసిరింది. "కాళ్ల మీద కడిగేసిన. తుడిచి చూడు."

కాలి మీద రుద్దాను. గుడ్డను వెలుతురుకు ఎత్తాను. తెల్లగానే ఉంది.

"ఏంది?"

"పక్కా," అన్నాను.

"ఆ. మచ్చను దాస్తె కచ్చా. మచ్చ చుట్టూ పువ్వేస్తె పక్కా. తలకాయల గీ అకల్ లేకనే వీడు పౌడర్ కొట్టిండు." తర్వాత చేతులు రెండూ నా ముందు చాచింది. గోళ్లు నల్లబడి, వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉన్నాయి. ఇన్నాళ్లూ రోజూ ఆ చేతుల్లోంచి గుడ్లు తీసుకున్నాను, ఎన్నడూ చూడలేదు. "నలభై ఏండ్లు రంగునీళ్లల్ల ముంచిన చేతులు గివి. గా మంట నాకు ఎర్క. నేను రంగేసింది బట్టకు. బట్టకు నొప్పి ఉండది. కోడిపిల్లకు ఉంటది, కుక్కకు ఉంటది. వాళ్లకు నోరు లేదు గనుక నేను నోరు చేసుకుంటున్న. గోరింటాకైతె మండది, సల్లగుంటది. సమజైందా? అయితె రా, గా పక్క నువ్వు దంచు."

నాకు సిగ్గేసింది. ఆ మొండి ముసల్దాన్ని కావలించుకోవాలనిపించింది కూడా. కావలించుకుంటే తన్నేదే. కూర్చుని గోరింటాకు దంచాను.

"ఖాలా మాఫీ అడుగుతదనుకున్న," అన్నాడు యూనుస్ మెల్లగా.

"నేనెందుకు అడుగుత? పౌడర్ కొట్టింది నువ్వు. కళ్లెం సక్కగ పట్టు!"

శనివారం డాక్టర్ స్రవ్య బాలకిషన్‌కు ఫోన్ చేసింది. గుర్రం కాగితం తయారైందని మాత్రమే చెప్పింది. కాగితమన్నాక ఆయన రాకుండా ఉండలేడు. గేటులోకి అడుగుపెట్టేసరికి చమేలీ ఎండలో నిలబడి ఉంది. పాల ఒంటి మీద ఎర్రటి పువ్వులు, ఎర్రటి తోక, నాలుగు కాళ్లకు పారాణి. పెళ్లికూతురు కూడా అంత ఓపిగ్గా ముస్తాబై ఉండదు.

"మల్ల ఏం పూసిన్రు దీనికి?" అన్నాడు అనుమానంగా.

ఖాలా తన గుడ్డను తడిపి ఆయన చేతిలో పెట్టింది. నేనెరిగి ఆ గుడ్డను ఆమె పరాయి మగవాడి చేతికివ్వడం అదే మొదటిసారి. ఆయన రుద్దాడు. గుడ్డ చూశాడు. మళ్లీ రుద్దాడు. చొక్కా చేతులు పైకి మడిచి, కరెంటాఫీసులో ఎన్నడూ పడని కష్టం పడి రుద్దాడు. చమేలీ హాయిగా కళ్లు మూసుకుంది.

"గీ నడుమ చుక్క కూడా పోతలేదేంది?"

"అది దేవుడు వేసింది," అంది ఖాలా. "చుట్టూ రేకలు నేను వేసిన. రెండూ పక్కా."

"రోగం కాదా మరి?"

"మీకు నెత్తి మీద నెరిసింది కదా సర్, అది రోగమా?" అంది డాక్టర్. ఆయన గబుక్కున తల తడుముకున్నాడు. ఆయన జుట్టు మరీ నల్లగా ఉందని అప్పుడే గమనించాను. ఖాలా కూడా గమనించింది. గుడ్డ కోసం చెయ్యి చాచింది. ఆయన దాన్ని వెనక్కి దాచుకుని, ముందుజాగ్రత్తగా రెండడుగులు వెనక్కి వేశాడు.

మేనల్లుడిని అడుగుదామని వీడియో కాల్ చేశాడు. విశాల్ పక్కన పెళ్లికూతురు స్వీటీ కూడా ఉన్నట్టుంది, షాపింగ్‌లో. ఫోన్‌లోంచి ఆ పిల్ల కేక వినబడింది.

"మామయ్యా! మెహందీ గుర్రమా? నాకు గిదే కావాలె! వేరేది తెస్తె నేను మండపంల కూసోను!"

డాక్టర్ సంతకం పెట్టింది. ఫోటో మళ్లీ అవే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పోయిన ఐదు పెళ్లిళ్లు తిరిగొచ్చాయి, కొత్తవి నాలుగు తోడయ్యాయి. ఆదివారం బట్టీ ఆయన తెచ్చిన ట్రాలీ ఖాళీగా పోలేదు. దాని నిండా మా డాక్టర్ దవాఖాన పెంటకుప్ప ఎత్తించి పంపింది.

పెళ్లిరోజు సాయంత్రం బరాత్‌కు మేమందరం జల్‌పల్లి వెళ్లాం. ఖాలా నీలం బుర్ఖాలో, భుజం మీద గుడ్డతో, చమేలీ పక్కనే నడిచింది. ఎవరైనా గుర్రం మీద రంగుకాగితాలు చల్లబోతే చూపుతోనే చంపేసింది. మార్ఫా డప్పులు మోగుతున్నాయి. విశాల్ మెరూన్ షేర్వాణీ వేసుకుని, ఎండాకాలం ఉక్కకు చెమటలు కారుతూ, గుర్రమెక్కడానికి కాలు ఎత్తాడు.

"ఠహరో!"

డప్పులు ఆగిపోయాయి. ఖాలా గుడ్డ తడిపి, అంతమంది ముందు పెళ్లికొడుకు షేర్వాణీ అంచు పట్టుకుని రుద్దింది. వెలుతురుకు ఎత్తింది. గుడ్డ మెరూన్ అయింది.

"కచ్చా!" అని అరిచింది. "కిరాయి బట్టనా? గీ చెమటకు రంగంత నా గుర్రానికి అంటుకుంటది!"

"నీ గుర్రమా?" అన్నాడు యూనుస్ నవ్వుతూ.

"నోర్ముయ్."

పెళ్లికొడుకు ఒంటికాలి మీద నిలబడి బిక్కమొహం వేశాడు. బాలకిషన్ ముహూర్తం ముహూర్తం అని గింజుకుంటున్నాడు. ఖాలా అందరినీ ఒకసారి చీదరగా చూసింది. ఊళ్లో సగం జంతువుల్ని, నా పాపిడిని, ఒక కరెంటాఫీసు రిటైర్డ్ మనిషి ఓపికను పరీక్షించిన ఆ మల్లుగుడ్డను విప్పి, నాలుగు మడతల్లోంచి నిలువునా పరిచి, జీను మీదుగా చమేలీ నడుం రెండువైపులా కప్పింది. షేర్వాణీ రంగు గుర్రానికి తగలకుండా అంచులు సర్దింది.

"ఇప్పుడెక్కు," అంది పెళ్లికొడుకుతో. "జర మెల్లగ. పువ్వులున్నయి."

మండపం చేరేసరికి ఆ గుడ్డ పూర్తిగా మెరూన్ అయిపోయింది. చమేలీకి ఒక్క మరక అంటలేదు. తిరిగొచ్చేదారిలో ఖాలా భుజం బోసిగా ఉండటం చూశాను. మర్నాడు పొద్దున నా కొత్త మల్లుచున్నీలోంచి సగం చింపి, అంచు కుట్టి, మడతపెట్టి ఆమెకు ఇచ్చాను.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగినట్టే అనిపించింది, కానీ మనిషి ఖైసర్ బేగం. గుడ్డను నా బల్ల మీది గ్లాసు నీళ్లలో ముంచింది, పిండింది, "జర గిటు రా," అంది ఎంతో ప్రేమగా. నేను వంగాను.

"కచ్చా!" అంది నా పాపిడి మీద రుద్ది. "ఇంగ గోరింటాకు పెట్టుకో. దంచనీకి నేను వస్త." తర్వాత నా బల్ల మీద నాలుగు గుడ్లు పెట్టి రోడ్డు దాటింది.